మొగపాలెం బళ్ళో పడవల వారం

ముందే చెప్పేస్తున్నాను, నాది తిన్నని నోరు కాదు. ముప్పై నాలుగేళ్ళు పంతులుద్యోగం చేశాను. అందులో ఆఖరి తొమ్మిదేళ్ళు పాఠం ఎలా చెప్పాలో తోటి పంతుళ్ళకు చెప్పే ఉద్యోగం. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, నాకు ఆ లోకువ ఒంటికి పట్టేసింది. రిటైరై మలికిపురంలో ఇంట్లో కూర్చున్నాక కూడా వదల్లేదు. నా పేరు అబ్రహాము. ఇది నా కథ కాదు, పుష్పలత కథ. కానీ ఆవిడ చెప్పదు. చెప్పే మనిషే అయితే నా పేరు ఎప్పుడో చెప్పేసేది. అందుకని నేనే చెప్పాలి.

పుష్పలతది రాజోలు దగ్గర పల్లె. వాళ్ళ తాత ఊడ్పులకీ కోతలకీ పోయిన కూలి మనిషి. తండ్రి చర్చి బళ్ళో చదివి పంతులయ్యాడు. ఆ ఇంట్లో పలక అంటే అన్నం కంచంతో సమానం, కాలు తగిలితే కళ్ళకద్దుకోవాల్సిందే. పుష్పలత నా దగ్గరే శిక్షణ పొందింది. ఇప్పుడు నలభై ఎనిమిదేళ్ళు వచ్చినా నేను గదిలోకి వస్తే లేచి నిలబడుతుంది. "కూర్చోమ్మా" అనేదాకా కూర్చోదు. నాకు అది బాగానే ఉండేది. ఎందుకు అబద్ధం చెప్పాలి?

ఆవిడ పనిచేసింది మొగపాలెంలో. అంతర్వేది వైపు, గోదావరి సముద్రంలో కలిసే మొగకి ఇవతల, అరవై గడపల ఊరు. అందరిదీ వేటే. ఒకే ఒక గది బడి, ఒకటీ రెండూ తరగతులు, ఒక్క టీచరు. మలికిపురం నుంచి రోజూ స్కూటీ మీద వెళ్ళొచ్చేది. భర్త సుభాష్ అమలాపురంలో ఉద్యోగం. అటువైపు బదిలీ పెట్టుకోమని ఆయన మూడుసార్లు ఫారం తెచ్చి ఇచ్చాడు. మూడూ బీరువాలోనే ఉన్నాయి.

"నేను వెళ్ళిపోతే ఆ బడి మూసేస్తారండి" అనేది.

ఆ మాట నిజమే. పిల్లలు పదిమందికి తగ్గితే బడి ఎత్తేసి నాలుగు కిలోమీటర్ల అవతలున్న పెద్ద బళ్ళో కలిపేస్తామని కాగితం వచ్చింది. నాలుగు కిలోమీటర్లంటే కాగితం మీద ఎంత? కాగితం మీద మురుగుకాలవ ఉండదు, రొయ్యల చెరువుల గట్లుండవు, వానాకాలంలో మోకాలి దాకా దిగబడే బురద ఉండదు. ఐదేళ్ళ పిల్ల ఆ గట్ల మీద నడిచి వెళ్ళి చదువుకుంటుందా? చదువు మానేస్తుంది. ఊళ్ళోకి కాన్వెంటు వ్యాను వస్తుంది గానీ, అది ఫీజు కట్టగలిగిన వాళ్ళకి. అప్పటికి పుష్పలత బళ్ళో తొమ్మిదిమందే ఉన్నారు.

అప్పుడు నేను రాసిన పుస్తకం తీసింది. అరవై పేజీల చిన్న పుస్తకం. వారానికి ఒక థీమ్ పెట్టుకుని, అక్షరాలు, లెక్కలు, బొమ్మలు, పాట అన్నీ దాని చుట్టూ నడపడం ఎలాగో అందులో రాశాను. జిల్లాలో అందరికీ పంచారు. చాలామంది దాన్ని అన్నం గిన్నె కింద పెట్టుకున్నారని నాకు తెలుసు. పుష్పలత ఒక్కతే దాన్ని నమ్మింది.

మొదట కొబ్బరి వారం పెట్టింది. పిల్లలు చిప్పలు, పీచు, డొక్కలు, పిందెలు మోసుకొచ్చారు. ఈనెలు వంచి అక్షరాలు చేశారు. ఈనెలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? బడిలో వంటచేసే బుచ్చమ్మ చీపుర్లోంచి. "నా చీపురంతా అ, ఆ చేసిపడేసేరండి! రేపు దేంతో తుడవాలండి, గుణింతంతోనా?" అని బుచ్చమ్మ వీధిలోకి వచ్చి అరిచింది. ఊరంతా నవ్వింది. ఆ వారమే కాన్వెంటు వ్యానులో వెళ్ళే పిల్ల ఒకతి వ్యాను ఎక్కనని ఏడ్చి మారాం చేసి ఇటు వచ్చేసింది.

తర్వాత చేపల వారం. ఈవిడ పుస్తకంలోంచి గాజుతొట్టె చేప బొమ్మ చూపించింది. బన్నీ అని ఒకడున్నాడు, ఆరేళ్ళవాడు, అరవై ఏళ్ళ మాటలు. లేచి, "ఇదేం చేపండి? పులుసుకి పనికొత్తాదా అండి?" అన్నాడు. వాళ్ళకి వంజరం తెలుసు, చందువ తెలుసు, పండుగప్ప, కానాగంతలు, ఇంకా ఈవిడకి పేరైనా తెలియనివి పది తెలుసు. ఆ వారం పిల్లలు చెప్పారు, టీచరు రాసుకుంది. దాంతో ఇంకొకడు చేరాడు. మొత్తం పదకొండు.

పదకొండైన రోజు పుష్పలత నాకు ఫోన్ చేసి, "మాస్టారండీ, ఒకటి ఎక్కువే ఉంది" అంది. ఆ గొంతులో ఆనందం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. వినపడకపోతే బాగుండును.

వచ్చే శనివారం వచ్చి బడి చూసి, ఉంచాలో తీసేయాలో రాస్తానని పై అధికారి కబురు పెట్టాడు. "ఈ వారం ఏం థీమ్ పెట్టనండి?" అని పుష్పలత అడిగింది. "పడవలు పెట్టు. నా పుస్తకంలో ఇరవై రెండో పేజీ చూడు" అన్నాను. ఆ పేజీలో ఏముందో నాకు చూడకుండా వచ్చు. పరిసరాల్లో కదిలే వస్తువులను పిల్లలచేత లెక్కపెట్టించండి, వెళ్ళినవెన్నో తిరిగొచ్చినవెన్నో చూస్తే తీసివేత దానంతటదే వస్తుంది అని రాశాను. మలికిపురంలో ఫ్యాను కింద కూర్చుని రాశాను.

గురువారం నేను కూడా వెళ్ళాను. నన్ను ఎవరూ పిలవలేదు. నా పద్ధతి నా కళ్ళతో చూసుకుందామని సరదా.

పొద్దున్న తొమ్మిదింటికి నీళ్ళు సముద్రంలోకి లాగుతున్నాయి. ఆ లాగుడు మీదే పడవలు మొగ దాటతాయి. పిల్లలు పదకొండుమంది ఇసకలో వరసగా కూర్చున్నారు. ఒక్కో పడవ కదలగానే ఒకరు ఒక గవ్వ తీసి చేత్తో పట్టుకోవాలి. బడికి వెళ్ళాక అరుగు మీద వరసగా పేర్చాలి. సాయంత్రం ఏ పడవ తిరిగొస్తే ఆ గవ్వ తీసి పాలపొడి డబ్బాలో వెయ్యాలి. మంచి పాఠం. ఇప్పటికీ అంటాను, పాఠంగా చూస్తే మంచిదే.

"ఒకటి!" అన్నారు పిల్లలు. ఒడ్డున వలలు విప్పుకుంటున్న ఆడవాళ్ళు తలెత్తారు. "రెండు!" మాటలాగిపోయాయి. "మూడు!" "నాలుగు!"

పెద్దింట్లమ్మ అనే ముసలావిడ పరుగులాంటి నడకతో వచ్చింది. పిల్లల్లో అనిత అనే రెండో తరగతి పిల్లకి నాన్నమ్మ ఆవిడ. మామ్మ అంటుంది ఆ పిల్ల. వస్తూనే మనవరాలి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏటమ్మా ఇది! ఎల్లే పడవని ఎవరన్నా లెక్కెడతారా? ఎల్లేవోళ్ళని ఎక్కడికని అడగం, ఎన్నని అడగం. తిరిగొచ్చేకే మాకు లెక్క. ఆపించండి టీచరమ్మగారండీ, మీకు దణ్ణం పెడతాను."

పుష్పలత ముఖం పాలిపోయింది. "అయ్యో, తెలీదండి మామ్మగారూ. ఆపేస్తానండి" అంది. అని, నా వైపు చూసింది.

ఇరవై ఐదేళ్ళ సర్వీసున్న టీచరు, తన బడి, తన పిల్లలు, అయినా ఆపనా అని నా వైపు చూసింది. నేను ఊరుకోవచ్చు. తలాడిస్తే చాలు. కానీ నా పుస్తకం, నా ఇరవై రెండో పేజీ! "మధ్యలో ఆపితే పిల్లలకి లెక్క తప్పిపోతుందమ్మా, కానివ్వు" అన్నాను. అక్కడితో ఆగానా? పెద్దింట్లమ్మ వైపు తిరిగి, "లెక్కపెడితే మునిగేటట్టయితే విశాఖపట్నం రేవులో ఒక్క ఓడైనా మిగిలేదా మామ్మగారూ!" అని నవ్వాను. పిల్లలిద్దరు ముగ్గురు నాతోపాటు నవ్వారు. ముసలావిడ చెయ్యి తీసేసింది.

"ఐదు." "ఆరు." ఆఖరి పడవ ముత్యాలరాజుది, అనిత తండ్రిది. కూడా బంగారరాజు అనే కుర్రాడున్నాడు. ముత్యాలరాజు కూతురు కనిపించగానే చెయ్యెత్తి ఊపాడు. అనిత లేచి నిలబడి గవ్వ పైకెత్తి, "ఏడు! ఏడోది మా నాన్నదే అండి!" అని గొంతు చించుకుని అరిచింది.

నాలుగింటి బస్సుకి నేను ఇల్లు చేరాను. కడుపునిండా భోంచేశాను. ఆరున్నరకి పుష్పలత ఫోన్ చేసింది. "మాస్టారండీ, ఆరు గవ్వలు డబ్బాలో పడ్డాయండి. ఏడోది రాలేదు."

"వస్తుందిలే అమ్మా. పోటు ఇంకా ఉందిగా" అన్నాను.

మర్నాడు పొద్దున్న పడవ వచ్చింది. బోర్లాపడి, రెండు పడవలకి కట్టి లాక్కొస్తే వచ్చింది. మొగలో ఇసక దిబ్బ మీద అల తిరగేసిందట. బంగారరాజు ఖాళీ డ్రమ్ము పట్టుకుని రాత్రంతా తేలి బతికాడు. ముత్యాలరాజు శనివారం పొద్దున్న రెండు మైళ్ళ అవతల ఒడ్డుకి కొట్టుకొచ్చాడు.

ఆ దిబ్బ ఏటా జరుగుతూనే ఉంటుంది. ఆ ఏడే అంతకుముందు మూడు పడవలు అక్కడే తిరగబడ్డాయి. వాటిని ఏ పిల్లలూ లెక్కపెట్టలేదు. ఇదంతా నాకు తెలుసు. ఇదే మాట నాకు నేను ఇప్పటికి వెయ్యిసార్లు చెప్పుకున్నాను. తర్కం బాగానే ఉంది, నిద్రే పట్టదు.

శనివారం అధికారి పదకొండింటికి వచ్చాడు. ఊరంతా ఒడ్డున ఉంది, పుష్పలత కూడా అక్కడే ఉంది. బళ్ళో ఇద్దరు పిల్లలు, బుచ్చమ్మ, నేను. ఆయన చెడ్డవాడేమీ కాదు. జరిగింది చెబితే తెచ్చిన కాగితం మడిచి సంచిలో పెట్టేశాడు. "నెలాఖరు రోజు మళ్ళీ వస్తానండి. ఆవేళ పదిమంది బెంచీల మీద కనిపిస్తే నా చేతిలో ఉన్నది నేను చేస్తాను" అని వెళ్ళిపోయాడు. నెలాఖరుకి పంతొమ్మిది రోజులుంది.

దినం అయిపోయేదాకా పుష్పలత ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ తర్వాత ఇంటింటికీ తిరిగింది. సిగ్గు పడుతూనే నేనూ వెనకాల తిరిగాను. ఎవరైనా తిడతారేమో, తిడితే బాగుండునని చూశాను. ఎవరూ తిట్టలేదు. మా కోనసీమ మర్యాద కత్తికన్నా పదును. కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. "ఆయ్, పంపుతామండి. రేపు పంపేత్తామండి" అన్నారు. రేపు ఎవరూ రాలేదు. మర్నాడు మళ్ళీ వెళితే మళ్ళీ కుర్చీ, మళ్ళీ టీ, మళ్ళీ ఆయ్.

బన్నీ వాళ్ళమ్మ ఒక్కతే నిజం చెప్పింది. మేము గుమ్మంలోకి రాగానే పిల్లాణ్ణి వెనక్కి లాక్కుంది. వాడు కొంగు చాటునుంచి టీచర్ని చూసి నవ్వబోయాడు. తల్లి వాడి ముఖం కప్పేసింది.

"మీరు మంచోరేనండి టీచరమ్మగారూ. కానండి, పదిమంది కావాలని మీరు పిల్లల్ని లెక్కెట్టుకుంటా తిరుగుతున్నారు. మావోణ్ణి ఆ లెక్కలో వెయ్యకండి. మాకు బయవేత్తందండి" అని రెండు చేతులూ జోడించింది.

పుష్పలత ఏమనగలదు? పిల్లల్ని లెక్కపెట్టకుండా బడి నిలబెట్టడం ఎలాగో నా పుస్తకంలో ఏ పేజీలోనూ లేదు. ఆవిడ కూడా చేతులు జోడించి బయటికి వచ్చేసింది. స్కూటీ దాకా నడిచి, హ్యాండిల్ పట్టుకుని అక్కడే నిలబడి ఏడ్చింది. నేను పక్కన నిలబడ్డాను. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందట. కాకపోతే ఇక్కడ బల్లి ఒడ్డునే ఉంది, కుడితిలో పడింది వేరేవాళ్ళు.

ఆ సాయంత్రం నేను ఒక్కణ్ణే పెద్దింట్లమ్మ ఇంటికి వెళ్ళాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని ఉంది. కొడుకు వల పక్కన మడతపెట్టి ఉంది.

"మామ్మగారూ, తప్పంతా నాదండి. ఆవిడ ఆపేస్తానంది, కానివ్వమన్నది నేను. ఈ మాట ఊళ్ళో చెప్పండి. నన్ను ఏమన్నా పడతాను. పిల్లల్ని మాత్రం పంపమనండి" అన్నాను. జీవితంలో మొదటిసారి నా నోట తప్పు నాది అన్న మాట వచ్చింది.

ఆవిడ వల మడత సవరించింది. "తెలుసండి. మీరన్న మాటా విన్నాను, మీ నవ్వూ విన్నాను. ఆడు పోడానికి లెక్కే కారణమంటే నా మనసే ఒప్పుకోదండి ఒక్కోపాలి. మొగ ఎవరి మాటా ఇనదు. కానండి మాస్టారండీ, దణ్ణం పెట్టింది నేను. పదేళ్ళబట్టీ మా చేతి అన్నం తిన్న మనిషి టీచరమ్మగారు. నేను అడిగితే ఆవిడ నా వేపు చూడలేదండి. మీ వేపు చూసేరు. ఊళ్ళో అందరూ అదే చూసేరండి. ఆయ్."

ఇంకేముంది చెప్పడానికి? నేను గదిలోకి వస్తే లేచి నిలబడడం నేనే నేర్పాను. ఇరవై ఐదేళ్ళు నేర్పాను. బాగా నేర్చుకుంది.

ఈ మాట పుష్పలతకి చెప్పలేదు. చెప్పకపోయినా ఆవిడకి తెలుసనుకుంటాను. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఒక్కసారి, "మీరు ఆ రోజు రాకుండా ఉండాల్సింది" అంటే నా ప్రాణం తేలికపడేది. అనదు. ఇప్పటికీ ఫోన్లో మాస్టారండీ అనే అంటుంది.

నెలాఖరు రోజు వచ్చింది. పుష్పలత ఏడున్నరకే వెళ్ళి బడి తుడిచింది. గోడలకి పిల్లలు వేసిన పడవ బొమ్మలన్నీ తీసేసి, కొబ్బరి వారంలో బొమ్మలు మళ్ళీ అంటించింది. పదకొండు పలకలు కడిగి ఎండబెట్టింది. తొమ్మిదిన్నరకి వీధిలో కాన్వెంటు వ్యాను హారన్ వినిపించింది. అప్పులు చేశారో, పుస్తెలే తాకట్టు పెట్టారో, ఐదుగురు అందులో ఎక్కారు. బన్నీకి కొత్త టై కట్టారు. వాడు కిటికీలోంచి బడివైపు చెయ్యి ఊపాడు. ఇద్దరు ఇంటి దగ్గరే ఉండిపోయారు, అందులో అనిత ఒకతి. బెంచీల మీద నలుగురే కూర్చున్నారు. అధికారి వచ్చి నలుగురనే రాశాడు. ఆ నలుగురిచేత పుష్పలత ఆ రోజంతా పాట పాడించింది. హాజరు మాత్రం పిలవలేదు.

పదిహేను రోజులకి బడి మూసేస్తూ ఉత్తర్వు వచ్చింది. మిగిలిన నలుగురిలో ముగ్గురు అంత దూరం వెళ్ళలేమన్నారు. నాలుగోవాణ్ణి వాళ్ళమ్మ చేపల బుట్టతో కూడా తిప్పుకుంటోంది.

సామాను అప్పగించే రోజు సాయం పట్టడానికి వెళ్ళాను. బెంచీలు ఆరు, బల్ల ఒకటి, కుర్చీ ఒకటి, పలకలు పదకొండు, పిల్లల్ని తూచే కాటా ఒకటి, బుచ్చమ్మ గిన్నెలు. పుష్పలత పేరు చెబుతుంటే నేను రాస్తున్నాను. పాలపొడి డబ్బా చేతిలోకి తీసుకుంది. లోపల గలగలమంది. పేరు చెప్పకుండా దాన్ని కిటికీలో పెట్టేసింది.

అప్పుడు గుమ్మంలో అనిత నిలబడి ఉంది. జుట్టు సరిగా దువ్వలేదు, గౌను కాలరు చిరిగింది. కుడిచెయ్యి బిగించి పట్టుకుంది.

"రా అమ్మా" అంది పుష్పలత.

పిల్ల లోపలికి రాలేదు. గడపవతలే నిలబడి గుప్పెట విప్పింది. గవ్వ ఉంది. అరచేతి చెమటకి మట్టి అంటుకుని ఉంది.

"టీచరండీ, పడవ తిరిగొచ్చేక డబ్బాలో ఎయ్యమన్నారు కదండి" అంది. "మా పడవ వచ్చేసిందండి. మర్నాడే వచ్చేసింది. నాన్న రాలేదండి. ఎయ్యాలా, ఎయ్యకూడదా అండి?"

పుష్పలత నా వైపు చూసింది. ఆ రోజు ఇసకలో ఎలా చూసిందో అలాగే చూసింది. అలవాటు, ఇరవై ఐదేళ్ళ అలవాటు. ముప్పై నాలుగేళ్ళు ప్రతి ప్రశ్నకీ జవాబు నా దగ్గర ఉందనుకుని బతికినవాణ్ణి. చేతిలో సామాను జాబితా వైపు తల దించుకున్నాను.

అనిత కాసేపు ఆవిణ్ణి చూసింది, కాసేపు నన్ను చూసింది. జవాబు రాదని దానికి అర్థమైనట్టుంది. గవ్వని గౌను జేబులో వేసుకుని, "ఎల్లొత్తానండి" అని ఇంటివైపు నడిచింది.

మేము గదికి తాళం వేశాం. తాళంచెవి కవర్లో పెట్టి, పైన బడి పేరు రాయమని పుష్పలత నా చేతికిచ్చింది. రాశాను.